బెంచీలు లేని చర్చి

మధ్యయుగాల ఇంగ్లండులో ఊరి చర్చి ప్రధానంగా రెండు భాగాలు. తూర్పున బలిపీఠం ఉన్న చిన్న గది గురువుది. పడమటి వైపు పెద్ద హాలు ఊరిది. శంషాబాద్ పక్కన అమ్మపల్లి రామాలయంలో గర్భాలయాన్నీ, ముందున్న మండపాన్నీ చూసినవారికి ఈ అమరిక కొత్తగా అనిపించదు. రెండింటికీ మధ్య చెక్కిన కలప తెర, దాని మీద సిలువపై క్రీస్తు. బలిపీఠం వైపు కప్పు బాగుచేయించే బాధ్యత గురువుదైతే, హాలు ఖర్చు ఊరివాళ్లది. అందుకే ఊరికి ఉన్ని వ్యాపారం కలిసొచ్చిన చోట హాలు ఎత్తు పెరిగింది, గంటల గోపురం లేచింది, గురువు గది మాత్రం పాత పొట్టి గదిగానే మిగిలిపోయింది.

జ్ఞానస్నానపు రాతి తొట్టిని తలుపు దగ్గరే పెట్టేవారు. సంఘంలోకి తొలి అడుగు అక్కడే కదా. ఆ నీళ్లను చేతబడికి ఎత్తుకుపోతారన్న భయంతో తొట్టికి మూత, తాళం ఉండాలని 1236లోనే కట్టడి చేశారు. గోడల మీద అంతిమ తీర్పు చిత్రాలు, సాధువుల బొమ్మలు. కూర్చోవడానికి మాత్రం ఏమీ లేదు. జనం నిలబడేవారు, మోకరించేవారు. వయసు పైబడినవారికి గోడ వెంట రాతి అరుగు. బెంచీలు బాగా వ్యాపించింది 15వ శతాబ్దంలోనే. 16వ శతాబ్దపు మతసంస్కరణ గోడలకు సున్నం కొట్టించింది, రాతి బలిపీఠాల స్థానంలో చెక్క బల్లలు వేయించింది. ఆరాధనలో ప్రసంగానికి పెద్దపీట పడ్డాక హాలంతా బెంచీలతో నిండింది. కలిగినవారి బెంచీలకు తలుపులు కూడా వచ్చాయి.

1839లో కేంబ్రిడ్జి విద్యార్థులు ఒక సంఘం పెట్టి, చర్చి కడితే మధ్యయుగపు గోతిక్ పద్ధతిలోనే కట్టాలని పట్టుబట్టారు. ఆ గాలి సామ్రాజ్యమంతా వీచింది. 1847లో బొల్లారంలో వెలసిన హోలీ ట్రినిటీ చర్చి కంటోన్మెంటు దొరల కోసం కట్టింది. గోతిక్ రూపంతో పాటు బెంచీల వరుసలూ వచ్చాయి.

మెదక్ చర్చి కథ వేరు. మొదటి ప్రపంచయుద్ధం నాటి కరువులో ఆకలితో ఉన్న జనానికి పని చూపాలని మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ దాని నిర్మాణం తలపెట్టారు. 200 అడుగుల పొడవు, 100 అడుగుల వెడల్పు, 170 అడుగులకు పైబడిన గోపురం. 1924 డిసెంబరు 25న ప్రారంభమైంది. ఫ్రాంక్ సాలిస్‌బరీ రంగుటద్దాల కిటికీలు 1927లో ఆరోహణం, 1947లో జననం, 1958లో సిలువ దృశ్యం ఒక్కొక్కటిగా వచ్చి చేరాయి. పాత ఇంగ్లిషు చర్చిలు కూడా ఇలాగే తరాల తరబడి పూర్తయ్యాయి. అయితే నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది మొజాయిక్ టైల్సు పరిచిన నేల. చెప్పులు బయట విడిచి, కుటుంబాలతో వచ్చి దాని మీదే కూర్చునే మన పల్లె జనం, తమకు తెలియకుండానే 13వ శతాబ్దపు ఇంగ్లిషు రైతుకు బొల్లారం దొరలకన్నా దగ్గరివాళ్లయ్యారు.

డోర్నకల్‌లో బిషప్ వేదనాయకం శామ్యూల్ అజరయ్య ఇంకో అడుగు ముందుకు వేశారు. ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ ఆయన. 1939లో ప్రతిష్ఠించిన ఎపిఫనీ కెథెడ్రల్‌కు గోతిక్ మొనదేలిన శిఖరాన్ని వదిలేసి మసీదు పోలికల గుమ్మటాలు, లోపల దేవాలయపు పద్ధతిలో చెక్కిన రాతి స్తంభాలు ఎంచుకున్నారు. స్తంభాల మీద తామరపువ్వూ ఉంది, సిలువా ఉంది.