ఫైర్‌వాల్ దాటే దారి: సాక్స్

1988 నవంబరులో మోరిస్ వర్మ్ వేల కంప్యూటర్లను స్తంభింపజేసింది. ఆ తర్వాతి కాలంలో సంస్థలు తమ నెట్‌వర్క్‌ల చుట్టూ ఫైర్‌వాల్‌లు కట్టుకున్నాయి. బయటి దాడితోపాటు లోపలి ఉద్యోగి పనికీ అవి అడ్డుపడ్డాయి.

1992లో డేవిడ్ కోబ్లాస్, మిషెల్ కోబ్లాస్ ‘సాక్స్’ పద్ధతిని వివరించారు. ఇందులో ప్రోగ్రామ్ బయటి కంప్యూటర్‌ను నేరుగా పిలవదు; మధ్యనున్న ప్రాక్సీని అడుగుతుంది. అది అనుమతి చూసి కనెక్షన్ కలుపుతుంది. చిక్కు ఎక్కడంటే, టెల్‌నెట్, ఎఫ్‌టీపీ వంటి ప్రతి ప్రోగ్రామ్‌నూ సాక్స్ లైబ్రరీతో మళ్లీ కంపైల్ చేయాలి. మరి సోర్స్ కోడ్ లేనివారి సంగతి? అందుకే ఈ పనిని కింది పొరకు దించారు. 1996లో వచ్చిన మైక్రోసాఫ్ట్ ప్రాక్సీ సర్వర్, విండోస్ ప్రోగ్రామ్‌ల విన్‌సాక్ పిలుపులనే ప్రాక్సీకి మళ్లించింది.

నా దృష్టిలో ఇది మొదటినుంచీ ఆపరేటింగ్ సిస్టమ్ బాధ్యతే. నేటికీ సిస్టమ్‌లోని ప్రాక్సీ అమరికను కొన్ని ప్రోగ్రామ్‌లు పట్టించుకోవు. ఆఫీసు కంప్యూటర్లో బ్రౌజరు తెరుచుకున్నా మరో ప్రోగ్రామ్ మొరాయించడానికి తరచు ఇదే కారణం.