గడీలూ ఘడీలూ

తెలంగాణలో గడీ అంటే దొర కోట. ఉర్దూలో ఘడీ అంటే గడియారం. నైజాం రాజ్యం పేరెత్తగానే మన చరిత్ర పుస్తకాలకు గుర్తొచ్చేది మొదటి మాటే. వెట్టి గురించీ, లెవీ ధాన్యం గురించీ, రజాకార్ల గురించీ రాయాల్సిందే. రాసింది చాలదు కూడా. అయితే ఆ రాజ్యంలోనే మిషన్ల ముందు నిలబడి బతికిన మనుషుల చరిత్ర ఎవరు రాయాలి? దాని ఆధారాలు దస్తావేజుల్లోనే దొరకవు. జుమ్మేరాత్ బజారులో గోనెపట్టా మీద, తుప్పు పట్టిన తాళంకప్పల పక్కన, ఆగిపోయిన వాచీ రూపంలో కూడా దొరుకుతాయి. దాని డయల్ మీద ‘ఆల్విన్’ అని ఉంటే ఒక్క నిమిషం ఆగి చూడాలి.

ఘడీ అనే మాట పరాయిదని ఎవరైనా అంటే వాళ్లకో సంగతి చెప్పాలి. సంస్కృత ‘ఘటిక’ నుంచే మన గడియ వచ్చింది, ఉర్దూ ఘడీ కూడా వచ్చింది. అడుగున సన్నటి చిల్లున్న గిన్నె నీళ్లలో మునగడానికి పట్టే సేపు ఒక గడియ. అంటే 24 నిమిషాలు. రోజుకి 60 గడియలు. ఒకే గిన్నె నుంచి పుట్టిన మాటల్ని రెండు మతాలకు పంచిపెట్టింది మనమే.

ఇక ఆల్విన్ సంగతి. వరంగల్లులో ఆజంజాహీ మిల్లు 1934లో వచ్చింది. బోధన్‌లో నిజాం చక్కెర ఫ్యాక్టరీ 1937లో వచ్చింది. ఆ వరసలోనే 1942లో నిజాం ప్రభుత్వ పారిశ్రామిక ట్రస్టు ఫండ్, అల్లాదీన్ అండ్ కంపెనీ కలిసి ఆల్విన్ మెటల్ వర్క్స్ పెట్టాయి. తర్వాత అది ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ సంస్థ అయింది. మనం ఎక్కిన బస్సుల బాడీలు కట్టింది, మధ్యతరగతి ఇళ్లకు ఫ్రిజ్ తెచ్చింది. 1980లలో జపాన్ సీకో కంపెనీ సాంకేతిక సహకారంతో చేతి వాచీలు చేసింది. 1990లలో ముక్కలైంది. ఫ్రిజ్‌ల విభాగం వోల్టాస్ చేతికి పోయింది. వాచీలూ ఆగిపోయాయి. ఇప్పుడు మిగిలినవి ఆల్విన్ కాలనీ, మియాపూర్ దగ్గర ఆల్విన్ క్రాస్‌రోడ్స్ లాంటి పేర్లే. రోజూ ఆ పేరు చెప్పి బస్సు దిగేవాళ్లలో ఎంతమందికి దాని పుట్టుక తెలుసు?

అందుకే అంగట్లో ఎవరైనా ఆల్విన్ వాచీ చూపించి ‘నిజాం జమానాది సాబ్’ అంటే నవ్వి ఊరుకోండి. కంపెనీ నిజాం కాలానిది, వాచీ కాదు. అమ్మేవాడి కథకు డబ్బులివ్వకూడదు. వస్తువు ఏం చెబుతోందో వినాలి.

మొదట డయల్ చూడాలి. ముప్పై నలభై ఏళ్ల వాచీ డయల్ నిన్న వేసిన గోడరంగులా మెరుస్తోందంటే అనుమానించండి. అక్షరాల అంచులు అలికినట్టున్నా, నిమిషాల గీతలు గంటల గుర్తులతో కలవకపోయినా, ముళ్ల మీది రేడియం పాతబడి గుర్తుల మీదిది తెల్లగా ఉన్నా అది మళ్లీ వేసిన మొహమే. పాత హెచ్‌ఎంటీల మీద ఈ పని విపరీతంగా జరిగింది. బెంగళూరులో 1961లో సిటిజన్ కంపెనీ తోడ్పాటుతో మొదలైన వాచీల ఫ్యాక్టరీ సరుకది. 2016 జనవరిలో హెచ్‌ఎంటీ వాచీల కంపెనీని మూసేయాలని కేంద్ర మంత్రివర్గం నిర్ణయించింది. ఆ కంపెనీ ఎన్నడూ వెయ్యని రంగులు వేసి, మామూలు జనం కట్టుకున్న జనతా వాచీని కూడా అపురూప వస్తువని అమ్ముతున్నారు. మచ్చపడినా అసలు డయలే విలువైంది. మచ్చ దాని వయసు. రంగు ఎవడి అబద్ధమో మనకు తెలియదు.

తర్వాత ఒళ్లు. ఇత్తడి మీద క్రోమియం పూత వేసిన కేసయితే చెమట తగిలే చోట పూత లేచిపోయి ఉంటుంది. మళ్లీ పూత వేయించొచ్చు. కానీ ముందు అరగదీస్తారు కాబట్టి అంచులు మొద్దుబారతాయి. పూత పోయినంత మాత్రాన వద్దనకండి. కేసు గుంటలు పడి తినేసి ఉంటే మాత్రం వద్దు.

అసలు పరీక్ష మూత తీయించాకే. తీయనివ్వకపోతే బేరం అక్కడితో ఆపేయండి. చాబీ తిప్పే గొట్టం దగ్గర తుప్పుందంటే నీళ్లు దిగాయి. మరల తలలు చెక్కుకుపోయి ఉంటే చేతకాని చేతులు పడ్డాయి. మెల్లగా కదిపితే బ్యాలెన్స్ చక్రం సాఫీగా ఊగి ఆగుతోందా? అయితే లోపల నూనె గడ్డకట్టిందంతే కావొచ్చు, కడిగి నూనె వేస్తే నడిచే అవకాశం ఉంది. స్ప్రింగు తెగితే మార్చొచ్చు. చక్రం ఒరిగిపోయి పళ్లేనికి రాసుకుంటోందంటే ఇరుసు విరిగి ఉండొచ్చు. ఆ ఇరుసు చేసి పెట్టగల గడీసాజ్‌లు అరుదు. బ్యాటరీ వాచీ అయితే సర్క్యూటో, వెంట్రుకంత తీగ చుట్టో పోయిందంటే అలాంటి ఇంకో వాచీని కోయాల్సిందే.

అప్పుడు లెక్క వేయండి. కొన్న ధర, కడిగించే కూలి, విడిభాగాల ఖర్చు. ఈ మూడూ కలిపి, మంచి స్థితిలో నడుస్తున్న అలాంటి వాచీ ధర దాటితే కొనకండి, నడిచేదే కొనుక్కోండి. ఈ లెక్కకు లొంగనిది ఒక్కటే. పెళ్లిలో అబ్బాజాన్‌కో, నాయనకో పెట్టిన వాచీ. దాన్ని కొనే పనే లేదు, బాగు చేయించడమే.

మొహానికి రంగు వేయడం వాచీలతో ఆగలేదని చదివేవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. నైజాం రాజ్యాన్ని కొందరు ముత్యాలూ బిర్యానీలతో నిగనిగలాడించారు, కొందరు ఒట్టి రజాకార్ల నలుపు పులిమారు. రెండూ కొత్త పెయింటే. రెండింటి కిందా ఫ్యాక్టరీ గేటు కనపడదు, అందులోకి వెళ్లిన కూలీ కనపడడు. ఆ ఫ్యాక్టరీలు మూతపడ్డప్పుడు రోడ్డున పడ్డవాళ్లు అన్ని మతాల వాళ్లూనూ. ఆ సంగతి కూడా పెయింటు కిందే ఉండిపోయింది.

చివరగా ఒక మాట. వాచీ బాగు చేసిన గడీసాజ్‌లు మూత లోపలి వైపు సూదిమొనతో సన్నగా గీస్తారు. తేదీయో, పొడి అక్షరమో, తమకే తెలిసిన గుర్తో. భూతద్దం పెట్టి ఎన్ని గీతలున్నాయో, ఏ లిపిలో ఉన్నాయో చూడండి. ఎక్కువ గీతలుంటే, ఆ వాచీ చాలాసార్లు ఆగిందనీ, ప్రతిసారీ ఎవరో దాన్ని పారేయకుండా బాగు చేయించారనీ అర్థం. పైన ఎంతైనా మెరిపించుకోండి. మూత లోపల మాత్రం పాలిష్ పట్టనివ్వకండి. ఏ పుస్తకంలోనూ పేరెక్కని వాళ్ల దస్తఖతులవి.