వైఫైలో ఫైలు వేగం: పుట్టుపూర్వోత్తరాలు

వైర్‌లెస్ నెట్‌వర్కుకు చెప్పే వేగం ఒకటి, అందులో ఫైలుకు దక్కే వేగం మరొకటి. ఈ తేడా వైఫైకన్నా పాతది. 1971లో హవాయి విశ్వవిద్యాలయంలో నార్మన్ అబ్రామ్సన్ బృందం దీవుల్లోని కంప్యూటర్లను రేడియోతో కలుపుతూ ఆలోహానెట్ నెలకొల్పింది. చానల్ వేగం సెకనుకు 9,600 బిట్లు. ఎవరికి వీలైనప్పుడు వాళ్లు పంపడమే. రెండు ప్యాకెట్లు ఢీకొంటే రెండూ పాడై మళ్లీ పంపాల్సిందే. ఆ పద్ధతిలో చానల్ సామర్థ్యంలో 18 శాతానికి మించి పనికిరాదని లెక్క తేలింది.

1985లో అమెరికా 2.4 గిగాహెర్ట్జ్ తదితర పౌనఃపున్యాలను లైసెన్సు లేకుండా వాడుకోనిచ్చింది. 1997 నాటి తొలి వైఫై ప్రమాణం 802.11లో వేగం సెకనుకు 2 మెగాబిట్లు. 1999లో 802.11బి దాన్ని 11కు పెంచింది. వైఫై ఇళ్లలో స్థిరపడింది దీనితోనే.

ఆ 11లో ఫైలుకు చేరేది 5 చిల్లరే. 1,500 బైట్ల ప్యాకెట్ గాలిలో గడిపేది సుమారు 1,100 మైక్రోసెకన్లు. దానికి ముందు చానల్ ఖాళీగా ఉందో లేదో విని, ఢీకొనకుండా మరికొంత ఆగడానికి సగటున 350 దాకా పోతాయి. పాత పరికరాలకూ అర్థమయ్యేలా నెమ్మదిగా పంపే ఆరంభ సంకేతానికి 192, అందిందని అవతలివైపు నుంచి వచ్చే జవాబుకు ఇంకో 200 పైచిలుకు. ఫైలు భద్రంగా చేరడానికి టీసీపీ అనే ప్రోటోకాల్ పంపుకునే రసీదులు వీటికి అదనం. ఫలితంగా ఎనిమిదిన్నర నిమిషాల్లో రావాల్సిన 700 మెగాబైట్ల సీడీకి పద్దెనిమిది నిమిషాల దాకా పట్టేది.

2003లో వచ్చిన 802.11జి 54 మెగాబిట్లు చెప్పి, ఇరవై పైచిలుకు ఇచ్చింది. నెట్‌వర్కులో ఒక్క పాత బి పరికరం చేరినా అందరి వేగమూ పడిపోయేది. అసలైన మలుపు 2009 నాటి 802.11ఎన్. ప్రచారమంతా దాని యాంటెన్నాలకే దక్కింది కానీ, ఫైళ్లకు మేలు చేసింది ప్యాకెట్లను మూటకట్టే పద్ధతి కూడా. దాదాపు 64 కిలోబైట్ల మూటకు ఒకే ఆరంభ సంకేతం, ఒకే జవాబు. ప్రతి ప్యాకెట్‌కూ విడిగా ఆగే పని తప్పింది. తర్వాతి ప్రమాణాలు చానళ్లను వెడల్పు చేశాయి, 802.11ఏఎక్స్ ఒకే చానల్‌ను ఒకేసారి పలు పరికరాలకు పంచింది.

ఒక్క చిక్కు మాత్రం చాలా ఇళ్లలో నేటికీ ఉంది. ఒక ల్యాప్‌టాప్ నుంచి మరోదానికి ఫైలు పంపేటప్పుడు రెండూ ఒకే వైఫై చానల్ మీద ఉంటే, ఫైలులోని ప్రతి ప్యాకెట్ రూటర్‌కు ఒకసారి, అక్కణ్నుంచి రెండో యంత్రానికి మరోసారి, గాలిలో రెండుసార్లు ప్రయాణిస్తుంది. వాటిలో ఒకదాన్ని కేబుల్‌తో రూటర్‌కు కలిపితే కాపీ వేగం దాదాపు రెట్టింపవుతుంది.