కుటుంబం అంటే ఎవరు?

భూమి ఎవరి పేరున ఉంది? ఇల్లు ఎవరి పేరున ఉంది? ఈ రోజు మన కోయ గూడేల్లో ప్రతి ఇల్లూ జవాబు చెప్పుకోవలసిన ప్రశ్నలివి. పోడు మీద బతికిన మన ముందు తరాలకు వీటితో అంత పని లేదు. అడవి కొట్టి, కాల్చి, రెండు మూడేళ్లు పండించుకుని ఆ నేలను మళ్లీ అడవికి వదిలేసేవారు. అప్పుడు ఇంటికి బలం పని చేసే చేతులే.

పెళ్లయిన కొడుకు దగ్గరలోనే వేరే ఇల్లు కట్టుకున్నా, పోడు పనికి అందరూ కలిసేవారు. ఇంటికి పైన గట్టు, వేల్పు ఉండేవి. ఒకే గట్టువాళ్లు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు. సంబంధం వేరే గట్టులోనే చూసుకోవాలి. ఆడపిల్ల కష్టానికి విలువ ఉంది కాబట్టి పిల్లవాడి వైపువారే ఓలి ఇచ్చేవారు. ఇచ్చుకోలేనివాడు అత్తవారింట పనిచేసి పిల్లను చేసుకునేవాడు. అలాగని అంతా సమానమని కాదు. గట్టు తండ్రిదే, పెద్దల పంచాయితీలో మాట మగవాళ్లదే.

1882 మద్రాసు అటవీ చట్టంతో గోదావరి ఏజెన్సీలో రిజర్వు అడవులకు దారి పడింది. పోడు తగ్గుతూ వచ్చింది. నాగలి సాగు, దాని వెంట పట్టా వచ్చాయి. పట్టా మీద ఎక్కువగా మగవాడి పేరే ఎక్కింది. తండ్రి తర్వాత కొడుకులు పంచుకున్నారు. కష్టం ఇద్దరిదీ, పేరు ఒకరిదీ అయింది. మైదానాన్ని చూసి కొన్ని ఇళ్లలో ఓలి పోయి కట్నం కూడా వచ్చింది. 1970లో వచ్చిన 1/70 మన భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా అడ్డు నిలిచింది. ఇంటి లోపల ఆ భూమి ఎవరిదో అది చెప్పలేదు.

2006 అటవీ హక్కుల చట్టం చెప్పింది. పెళ్లయినవారికి హక్కు పత్రం భార్యాభర్తలిద్దరి పేరునా ఇవ్వాలంది. 2013 భూసేకరణ చట్టం పెద్దయిన కొడుకును, కూతురిని, వితంతువును, భర్త వదిలేసిన స్త్రీని వేరే కుటుంబంగా లెక్కించమంది. ఆ లెక్క ఎంత బరువైనదో పోలవరం ముంపు ఊళ్లలోని మనవాళ్లకు తెలుసు. పునరావాస జాబితాలో కుటుంబంగా ఎక్కకపోతే ఇల్లు రాదు.

అందుకే యువతకు మా మాట ఒకటే. గట్టు, వేల్పు పేర్లు పెద్దలనడిగి రాసుకోండి. అలాగే ఇంట్లోని హక్కు పత్రం తీసి చదవండి. అందులో అమ్మ పేరు లేకపోతే గ్రామసభలో అడగండి. ఉపాధ్యాయులు బడిలో పిల్లల చేత ఆ పత్రాలు చదివించాలి. చదవడం వచ్చిన మొదటి తరం ఉన్న ఇళ్లలో ఈ పని చేయగలిగింది ఆ పిల్లలే.