నాలుగు గోడల మధ్య ఘాటు మిర్చి: బిలాస్‌పూర్‌లో మట్టి లేని సాగుకు అదను ఎప్పుడు?

బిలాస్‌పూర్ (ఛత్తీస్‌గఢ్): మట్టితో పని లేకుండా, పోషకాలు కరిగించిన నీటిలో మొక్కలను పెంచే విధానమే హైడ్రోపోనిక్స్. ఇంటి లోపల ఈ పద్ధతికి ఒదిగే కాయ పంటల్లో మిరప ఒకటి. బిలాస్‌పూర్ వంటి రైల్వే పట్టణంలో క్వార్టర్ వరండాలోనో, కిటికీ పక్కనో నాలుగు బకెట్లు పెట్టుకుంటే ఈ సాగు సాధ్యమే. పోషకాలు, పరికరాలు ఇక్కడ పెద్ద అడ్డంకి కావు. అడ్డంకి ఏప్రిల్ నుంచి జూన్ మధ్య వరకు ఉండే ఎండ. విత్తనం ఏ నెలలో వేశారన్నదే ఫలితాన్ని చాలావరకు తేల్చివేస్తుంది.

1887లో ఏర్పడిన బెంగాల్-నాగ్‌పూర్ రైల్వే తన ప్రధాన మార్గాన్ని 1891 నాటికి ఆసన్‌సోల్ వరకు పూర్తి చేయడంతో బిలాస్‌పూర్ రైల్వే కూడలిగా ఎదిగింది. అదే సంస్థ మార్గాలు ఆ తరువాత విజయనగరం, వాల్తేరు వైపు విస్తరించాయి. స్వాతంత్ర్యానంతరం ఆగ్నేయ రైల్వేలో ఖరగ్‌పూర్, బిలాస్‌పూర్, వాల్తేరు దశాబ్దాల పాటు ఒకే జోన్ కింద ఉన్నాయి. ఉద్యోగాలు, బదిలీలతో వచ్చిన తెలుగు కుటుంబాలు ఇక్కడి రైల్వే కాలనీల్లో స్థిరపడ్డాయి. 2003లో బిలాస్‌పూర్ ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన కేంద్రం కాగా, వాల్తేరు తూర్పు కోస్తా రైల్వేలోకి వెళ్లింది. జోన్లు వేరైనా తిరుపతి, విశాఖపట్నం రైళ్లు నడుస్తూనే ఉన్నాయి. ఎండుమిర్చి, ఆవకాయ కారం ఊరి నుంచి తెచ్చుకోవడానికి ఆ దారి ఉంది. రోజువారీ పచ్చిమిర్చి, బజారులో దొరకని ఘాటైన రకాలు మాత్రం ఇంట్లోనే పండించుకోదగినవి. బకెట్ మిరపతో ఏడాది కారానికి సరిపడా ఎండుమిర్చి వస్తుందని ఆశించడం అత్యాశే అవుతుంది.

మట్టి లేని సాగు భారతదేశానికి కొత్త కాదు. అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన విలియం గెరికె 1930వ దశకంలో ఈ పద్ధతికి హైడ్రోపోనిక్స్ అన్న పేరును ప్రచారంలోకి తెచ్చారు. 1940వ దశకంలో జే. షోల్టో డగ్లస్ బెంగాల్‌లో ప్రయోగాలు జరిపి, ఖరీదైన యంత్రాలు అక్కరలేని ‘బెంగాల్ విధానం’ పేరిట 1951లో ఒక గ్రంథం వెలువరించారు. మిరప విషయానికి వస్తే, అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో 2021 జులైలో నాటిన మొక్కల నుంచి అదే సంవత్సరం అక్టోబరు, నవంబరు నెలల్లో కాయలు కోశారు. అక్కడ వేళ్లకు ఆధారం కాల్చిన బంకమట్టి గుళికలు. వెలుతురు ఎల్ఈడీ దీపాలది. వర్షాకాలంలో బిలాస్‌పూర్ గదిలో నారు పోసేవారికీ ఆ దీపాలే దిక్కు.

వేడి నీటిలో ఊపిరాడని వేళ్లు

వేళ్లకు నీటితో పాటు ప్రాణవాయువు కూడా కావాలి. 20 డిగ్రీల సెల్సియస్ వద్ద లీటరు నీటిలో సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగి ఉండగలదు. 35 డిగ్రీల వద్ద ఆ పరిమాణం 7 మిల్లీగ్రాములకు పడిపోతుంది. అదే సమయంలో వేడి వల్ల వేళ్ల శ్వాసక్రియ వేగం పెరిగి ఆక్సిజన్ అవసరం ఎక్కువవుతుంది. అంటే అవసరం పెరిగినప్పుడే సరఫరా తగ్గుతుంది. వేరుకుళ్లు కలిగించే పిథియం వంటి శిలీంధ్రాలను పోలిన జీవులు సరిగ్గా ఇలాంటి గోరువెచ్చని నీటిలోనే విజృంభిస్తాయి. తెల్లగా ఉండవలసిన వేళ్లు గోధుమ రంగుకు మారి, జిగురుగా తయారై దుర్వాసన వేస్తే మొక్క దక్కడం కష్టం.

మే నెలలో బిలాస్‌పూర్ పగటి ఉష్ణోగ్రత 44 డిగ్రీలు దాటడం అరుదేమీ కాదు. మేడ మీది ట్యాంకు నుంచి వచ్చే నీరే చేయి కాలేలా ఉంటుంది. మిరప వేళ్లకు 18 నుంచి 24 డిగ్రీల ద్రావణం హితం. ఏసీ లేని గదిలో మే నెలలో ఆ స్థాయిని నిలుపుకోవడం సాధ్యం కాదు. బకెట్‌లో మంచు సీసాలు వేయడం ఒకటి రెండు రోజుల ఉపశమనమే. ఇక పూత సంగతి మరో సమస్య. పగలు 35 డిగ్రీలకు పైన, రాత్రి కూడా వేడిగా ఉంటే పుప్పొడి సత్తువ కోల్పోయి పూత రాలిపోతుంది.

కాబట్టి వేసవితో పోరాడకపోవడమే మేలు. జులై మొదటి వారంలో విత్తి, ఆగస్టు మధ్యలో నారును బకెట్లలోకి మారిస్తే అక్టోబరుకు పూత, నవంబరు నుంచి మార్చి వరకు కాపు లభిస్తుంది. డిసెంబరు, జనవరి రాత్రుల్లో బయట చలి పెరిగినా గది లోపల మొక్కకు ఇబ్బంది తక్కువ. మిరప బహువార్షిక మొక్క. ఏప్రిల్‌లో కొమ్మలను జానెడు ఎత్తుకు కత్తిరించి, చల్లని నీడలో, పలుచని ద్రావణంతో బతికించుకోగలిగితే వానలు పడ్డాక మళ్లీ చిగురిస్తుంది.

బకెట్ ఎంపిక, ద్రావణం తయారీ

ఇంటి సాగుకు రెండు పద్ధతులు అనువైనవి. మొదటిది, హవాయి విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త బెర్నార్డ్ క్రాట్కీ పేరుతో ప్రసిద్ధమైనది. దీనికి పంపు, కరెంటు అవసరం లేదు. ద్రావణం తగ్గుతున్న కొద్దీ పైభాగంలోని వేళ్లు గాలిని పీల్చుకుంటాయి, అడుగు వేళ్లు నీటిలో ఉంటాయి. తిరిగి పోసేటప్పుడు అంచు దాకా నింపితే గాలికి అలవాటుపడిన వేళ్లు మునిగి కుళ్లిపోతాయి. సగం వరకే పోయాలి. రెండవ పద్ధతిలో చేపల తొట్టెకు వాడే చిన్న గాలి పంపు ద్రావణంలో నిరంతరం బుడగలు వదులుతుంది. కరెంటు కోతలు ఉన్నచోట మొదటిదే నమ్మకమైనది. ఏ పద్ధతిలోనైనా కాపు కాసే మొక్క ఒక్కొక్కదానికి 15 నుంచి 20 లీటర్ల బకెట్ ఉండాలి. వెలుతురు లోపలికి చొరబడితే పాచి పడుతుంది గనుక బకెట్ ముదురు రంగుదై, మూత బిగుతుగా ఉండాలి. నిల్వ నీరు దోమలకు నిలయమన్న సంగతిని డెంగీ కాలంలో విస్మరించరాదు. మూత బిగింపుకు ఇది మరో కారణం.

ద్రావణంలో నత్రజని, భాస్వరం, పొటాష్‌తో పాటు కాల్షియం, మెగ్నీషియం, ఇనుము, సూక్ష్మపోషకాలు ఉండాలి. వీటిని ‘ఏ’, ‘బీ’ అని రెండు సీసాలుగా అమ్మడం వెనుక రసాయన కారణం ఉంది. గాఢ స్థితిలో కాల్షియం నైట్రేట్‌ను సల్ఫేట్లు, ఫాస్ఫేట్లతో కలిపితే తెల్లని మడ్డి అడుగున పేరుకుపోయి, ఆ పోషకాలు మొక్కకు అందకుండా పోతాయి. ముందుగా బకెట్ నిండా నీరు పోసి, ‘ఏ’ కలిపి బాగా కలియబెట్టిన తరువాతే ‘బీ’ చేర్చాలి. పీహెచ్ 5.8 నుంచి 6.3 మధ్య, లవణ గాఢతను సూచించే ఈసీ నారు దశలో 1 దరిదాపుల్లో, కాపు దశలో 2 నుంచి 2.5 మధ్య ఉండటం మంచిది. బోరు నీరు కఠినంగా ఉంటే పీహెచ్ పదే పదే పైకి పోతుంది. అటువంటప్పుడు వాన నీరు లేదా ఆర్‌ఓ నీరు కలపడం సులువైన మార్గం.

కాయ మొన నల్లబడి కుళ్లితే అది తెగులు అనుకుని మందు కొట్టడం పరిపాటి. చాలా సందర్భాల్లో అది కాయకు కాల్షియం చేరకపోవడం వల్ల వచ్చే లోపం. నీటి మట్టం, ఈసీ నిలకడగా ఉంటే సర్దుకుంటుంది.

వెలుతురు, పరాగ సంపర్కం

దక్షిణపు కిటికీ ఎండ శీతకాలంలో చాలావరకు సరిపోతుంది. మబ్బు పట్టిన జులై, ఆగస్టు నెలల్లో నారు సాగిపోకుండా ఎల్ఈడీ దీపం అవసరం. 100 వాట్ల దీపం రోజుకు 14 గంటలు వెలిగితే 1.4 యూనిట్లు, నెలకు 42 యూనిట్లు ఖర్చవుతాయి. పచ్చిమిర్చి ధరతో పోల్చి ఈ లెక్క వేసుకుంటే దీపం కింద మిరప లాభసాటి కాదు. కిటికీ వెలుతురు ఉన్న ఇంటికే ఇది తగిన సాగు. విద్యుత్ బోర్డు, ప్లగ్గులు నీటి మట్టం కంటే పైన ఉండాలి.

మిరప పువ్వు తనంతట తానే ఫలదీకరణ చెందగలదు. గది లోపల గాలి, తేనెటీగలు ఉండవు గనుక ఉదయం పూట కొమ్మను మెల్లగా తట్టడం లేదా కాసేపు ఫ్యాను తిప్పడం చాలు. నాలుగు గోడలున్నంత మాత్రాన పురుగు రాదనుకోవడం పొరపాటు. తామర పురుగులు, తెల్లనల్లి, పేనుబంక కిటికీ గుండా, కొని తెచ్చిన నారుతోనూ చేరతాయి. 2021-22లో త్రిప్స్ పార్విస్పినస్ అనే తామర పురుగు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ మిరప తోటలను తీవ్రంగా దెబ్బతీసింది. ఆకుల అడుగు భాగాన్ని వారానికి రెండుసార్లు పరిశీలించి, తొలి దశలోనే నీటితో కడిగి వేప నూనె ద్రావణం పిచికారీ చేయడం ఇంటికి తగిన చికిత్స.

రకాల్లో పొట్టిగా, గుబురుగా పెరిగే పూసా జ్వాల పచ్చిమిర్చికి అనుకూలం. గుంటూరు సన్నం ఘాటు సుమారు 35,000 నుంచి 40,000 స్కోవిల్ యూనిట్లు. ఈశాన్య రాష్ట్రాల భూత్ జొలోకియా 2007లో 10 లక్షల యూనిట్లు దాటి గిన్నిస్ రికార్డు పొందింది. ఇటువంటి అతి ఘాటు రకాలు మొలకెత్తడానికే మూడు నాలుగు వారాలు తీసుకోవచ్చు. వాటిని జూన్‌లోనే విత్తాలి. ఘాటుకు మూలమైన క్యాప్సైసిన్ గింజల్లో కాదు, గింజలను పట్టి ఉంచే తెల్లని ఈనెలో తయారవుతుంది. అది నీటిలో సరిగా కరగదు. చేతులు మండితే ముందు నూనె రాసి, ఆపైన సబ్బుతో కడగాలి. ఈ రకాలను కోసేటప్పుడు చేతి తొడుగులు తప్పనిసరి. చిన్నపిల్లలున్న ఇంట్లో వీటి జోలికి పోకపోవడమే ఉత్తమం.

రెండు మూడు వారాలకోసారి మార్చే పాత ద్రావణాన్ని కాలువలో పారబోయకూడదు. అందులో నైట్రేట్లు మిగిలే ఉంటాయి. రెండింతల నీరు కలిపి పెరటిలోని కరివేపాకు, మందార మొక్కలకు పోయవచ్చు.