అద్దె గౌను, అసలు డిగ్రీ

వచ్చే శనివారం మా చెల్లెలి గ్రాడ్యుయేషన్ ఫోటో సెషన్. అమెరికాలో ఎమ్మెస్ అయిపోవస్తోంది లెండి. వారం రోజులుగా మా వాట్సాప్ గ్రూపులో ఇదే గోల. గౌను ఇస్త్రీ చెయ్యొచ్చా, టోపీ కుచ్చు ఏ వైపుండాలి, లోపల ఏం కట్టుకోవాలి... "గౌను వేసుకునే దిగాలి" అని అమ్మ. "ఆ నల్ల గోతం నాకొద్దు, చీరలో దిగుతా" అని చెల్లి. తీర్పు చెప్పమని నన్ను లాగారు. నాకేమో గౌను ఫోటోనే లేదు! మా కాలేజీ వాళ్ళు ఒరిజినల్ డిగ్రీకి డబ్బులు కట్టించుకుని, ఏడాదిన్నర తిప్పి, ఓ ఖాకీ కవరు చేతిలో పెట్టారు. అంతే నా స్నాతకోత్సవం.

సరే, తీర్పుకి ముందు కాస్త చరిత్ర తిరగేశాను.

ఈ గౌను 12, 13 శతాబ్దాల యూరప్‌ది. అప్పటి విద్యార్థులు దాదాపు చర్చి మనుషులే. చదువుకునే గదుల్లో చలి. అందుకే నేలదాకా అంగీ, తలకి ముసుగు. ఆ ముసుగే ఇప్పుడు వీపు మీద వేలాడే హుడ్. ఆ పలక టోపీని ఇంగ్లీషులో మోర్టార్ బోర్డ్ అంటారు, అంటే తాపీ మేస్త్రి సున్నం పెట్టుకునే పలక. ఇంజనీర్లకి తగిన టోపీయే!

ఫోటో సంగతి వేరు. డాగ్యురే పద్ధతి లోకానికి తెలిసింది 1839లో. మొదట్లో నిమిషాల తరబడి కదలకుండా కూర్చోవాలి, తల కదలకుండా వెనక ఇనప స్టాండు. ఆ పాత ఫోటోల్లో ఎవరూ నవ్వకపోవడానికి అదీ ఒక కారణం. 1860ల నాటికి అమెరికాలో జార్జ్ వారెన్ అనే ఆయన హార్వర్డ్, యేల్ లాంటి చోట్ల చదువు ముగించే కుర్రాళ్ళ ఫోటోలు తీసేవాడు. వాళ్ళు ఒకరివొకరు కొనుక్కుని ఆల్బం కట్టించుకునేవాళ్ళు. ఆ ఫోటోల్లో ఉన్నది మామూలు కోట్లే. అమెరికా కాలేజీలన్నిటికీ కలిపి గౌన్ల నియమావళి రాసుకున్నది 1895లో. అంటే అక్కడ ఈ ఫోటో ముందు, గౌను తర్వాత. పాయింటు చెల్లికే!

మనకి గౌను 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు యూనివర్సిటీలతో పాటు వచ్చింది. ఇక ఫోటో అంటే మన సికింద్రాబాద్ తలుచుకోవాల్సిందే. లాలా దీన్‌దయాళ్ రూర్కీలో ఇంజనీరింగ్ చదివి, ఇండోర్‌లో సర్కారు ఉద్యోగం చేసి, అది వదిలేసి ఆరో నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫర్ అయ్యాడు. 1886లో సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టాడు. ఉద్యోగం మానేసి కెమెరా పట్టుకుందామనుకునే మన బాపతు వాళ్ళకి ఆయనే ఆదిపురుషుడు.

అంతకు ముందు ఏడాది, 1885లో, ఫిలడెల్ఫియాలో ఒక ఫోటో తీశారు. మెడిసిన్ చదువుతున్న ముగ్గురు అమ్మాయిలు: జపాన్, సిరియా, మన దేశం. ఎవరి దేశపు బట్టల్లో వాళ్ళు. మన అమ్మాయి ఆనందీబాయి జోషి, చీరలో. మరుసటేడు ఎం.డి. పట్టా వచ్చింది. 1887లో 22 ఏళ్ళైనా నిండకుండా పోయింది. అది పట్టా ఫోటో కాకపోయినా, గౌనుతో పని లేదని ఒప్పించే ఫోటో. 2010లో అప్పటి కేంద్రమంత్రి జైరాం రమేష్ భోపాల్‌లో వేదిక మీదే గౌను విప్పేసి, ఇది వలసపాలన అవశేషం అన్నాడు. 2024లో కేంద్ర ఆరోగ్యశాఖ కూడా తన వైద్య కళాశాలలకి అదే దారి చూపించింది.

ఇంత చదివి చెల్లి గెలిచిందని చెప్పబోతూ, హాల్లో నాన్న ఫోటో చూశాను.

1983, గుంటూరులో ఒక స్టూడియో. అక్కడ ఊరందరికీ ఒకటే గౌను, నాన్నకి మోకాళ్ళ కిందకి వచ్చి ఆగిపోయింది. చేతిలో చుట్టిన కాగితం పాత క్యాలెండర్ పేజీ అట. అసలు డిగ్రీ తర్వాతెప్పుడో పోస్టులో వచ్చింది. మా వంశంలో అదే మొదటి డిగ్రీ. నాయనమ్మకి చదువు రాదు. ఆవిడకి సర్టిఫికెట్ ఇస్తే ఏం చూస్తుంది? ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ ఆ ఫోటోనే చూపించేది. తను చదవగలిగిన డిగ్రీ అదొక్కటే మరి.

అమ్మ ఇంటర్‌తో చదువాపేసి పెళ్ళి చేసుకుంది. చెల్లి కాన్వొకేషన్‌కి వెళ్దామంటే వీసా రాలేదు.

అందుకని నా తీర్పు: "ముందు గౌనులో దిగు, అది అమ్మకి. తర్వాత చీరలో దిగు, అది నీకు."

"సరే అన్నయ్యా, మరి నీదో?" అంది.

అమ్మ అప్పుడే గోడ మీద రెండు మేకులు కొట్టించిందట. గౌను అద్దెకెక్కడ దొరుకుతుందో కనుక్కోవాలి.