రాష్ట్రపతి పొలము

గొప్పవారి యిండ్లను చూడబోవువారు సామాన్యముగా మంచములను, పటములను, చేతికఱ్ఱలను చూచి మరలుదురు. ఆ యింటివాడు అధికారమునుండి దిగిన పిమ్మట ఎక్కడికి పోయెను, ఎట్లు బ్రదికెను అని యడుగువారు తక్కువ. ఇల్లు చెప్పవలసిన ముఖ్యకథ యదియే గదా!

అమెరికాలో టెక్సాసు రాష్ట్రమున, పెడర్నేల్స్ నదియొడ్డున, లిండన్ జాన్సనుగారి యిల్లును పశువుల పొలమును కలవు. ఆయన 1969 జనవరిలో అధ్యక్షపదవి విడిచి అక్కడికే చేరెను. 1972లో ఆ యాస్తిని జాతికి దానము చేయుచు, అది జీవములేని జ్ఞాపకచిహ్నము కారాదనియు, పనిజరుగు పొలముగనే యుండవలెననియు కోరెను. నేటికిని అక్కడ మందలు మేయుచున్నవి.

అదే 1969లో మన యనంతపుర సీమలోను ఇట్టి సంగతి యొకటి జరిగెను. లోకసభాపతి స్థానమును వదలి రాష్ట్రపతి యెన్నికకు నిలిచిన నీలం సంజీవరెడ్డిగారు వి. వి. గిరిగారి చేతిలో ఓడి, స్వస్థలమునకు వచ్చి సేద్యమున దిగిరి. ఆయన 1913లో ఈ జిల్లాలోని ఇల్లూరు గ్రామమున పుట్టినవారు. 1929లో గాంధీమహాత్ముడు అనంతపురము వచ్చిపోయిన పిమ్మట, చదువు విడిచి స్వరాజ్యోద్యమమున చేరిరి. 1940 మొదలు 1945 వఱకు చాలకాలము చెఱసాలలో గడపిరి. 1956లో ఆంధ్రప్రదేశమునకు తొలి ముఖ్యమంత్రి యయిరి.

ఆయన మరలివచ్చిన నేల యెట్టిదో తలపవలెను. నైరుతి మేఘములను పడమటి కనుమలు అడ్డగించును. ఈశాన్యపు వానలు ఇంతదూరము వచ్చుసరికి బలము కోల్పోవును. సంవత్సరమునకు పడు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. అదియు వేళకు రాదు. పలుచని యెఱ్ఱనేలలో వేరుసెనగ విత్తి ఆకాశమువంక చూచుటయే ఇచ్చటి రైతు బ్రదుకు. పదవియు వానయు నొక్క తీరువే. రెండును మన చేతిలోనివి కావు.

1977లో నంద్యాలనుండి లోకసభకు గెలిచి, ఆ జులైలోనే పోటీ లేకయే ఆయన రాష్ట్రపతి యయిరి. దేశమునందలి పేదలను తలచి, జీతములో నూటికి 70 పాళ్లు వదలుకొందునని ప్రకటించిరి. 1982లో గడువు తీరగా మరల అనంతపురపు సేద్యమునకే వచ్చిరి. 1996లో బెంగుళూరున మరణించిరి.

అయినను గొప్పవారి యిల్లు ముఖస్తుతికి తావు కారాదు. బస్సుల జాతీయకరణ వ్యవహారమున అత్యున్నత న్యాయస్థానము తప్పుపట్టగా 1964లో ముఖ్యమంత్రిపదవి విడిచిన సంగతియు, 1979లో జగజ్జీవనరాముగారికి అవకాశమీయక లోకసభను రద్దుచేసినందులకు కలిగిన విమర్శయు అక్కడ చెప్పబడవలెను. అప్పుడే అది చరిత్రయగును.

మనము విగ్రహములు నిలుపుటకు తొందరపడుదుము. ఇండ్లను, ఉత్తరములను చెదలకు వదలుదుము. వాషింగ్టనుగారి మౌంటు వెర్నను గృహము శిథిలమగుచుండగా, 1858లో దానిని కొన సిద్ధపడి కాపాడినది ప్రభుత్వము కాదు, ఒక స్త్రీల సంఘము. మన గృహిణులకును ఇట్టి పని యసాధ్యము కాదు. ఇల్లూరు చూడబోవు తల్లిదండ్రులు గోడలు చూపుటతో తనివినొందక, చుట్టునున్న చేలను బిడ్డలకు చూపి, దేశపు అత్యున్నత పీఠమునుండి దిగినవాడు ఈ సీమమట్టికే మరలివచ్చెనని చెప్పవలెను.